సూక్ష్మతరంగ డోలకముల సామర్థ్య సంయోజనము

సామర్థ్యమను మాటకు వ్యవహారమున నేర్పు అని యర్థము. భౌతికశాస్త్రమున నది ఒక సెకనులో వెలువడు శక్తి పరిమాణము. ఇచట రెండవ యర్థమే గ్రాహ్యము. అర్ధవాహకములతో నిర్మించిన డోలకముల పౌనఃపున్యము హెచ్చినకొలది వాని పరిమాణమును తగ్గింపవలసి వచ్చును. అంత చిన్న వస్తువునుండి వేడిమిని తొలగించుట కష్టము. కావున నొక్కొక్కటి యిచ్చు సామర్థ్యము స్వల్పము. పెక్కింటిని కూర్చుటయే యుపాయము. అయితే దీపములను వరుసగా వెలిగించినట్లు వీనిని కూర్చుటకు వీలులేదు. దానికి దశయే కారణము.

ఒక్కొక్క వాటు నిచ్చు రెండు సమాన డోలకములను నాలుగు ముఖములుగల సంయోజకమునకు తగిలించితిమనుకొందము. మూడవ ముఖమున ఏంటెనా, నాలుగవదాని యందు శోషక నిరోధము ఉండును. తరంగములు ఏకదశలో నున్నచో ఏంటెనాకు 2 వాట్లు చేరును. దశాభేదము 60 డిగ్రీలైన 1.5 వాట్లు, 90 డిగ్రీలైన 1 వాటు మాత్రమే చేరును; తక్కినది నిరోధమున వేడిగా మారును. 180 డిగ్రీలైన ఏంటెనాకు ఏమియు దక్కదు. 10 గిగాహెర్ట్జుల వద్ద తరంగదైర్ఘ్యము గాలిలో 3 సెంటీమీటర్లు. మార్గములందు 5 మిల్లీమీటర్ల తేడాయే 60 డిగ్రీల భేదమును కల్పించును.

పౌనఃపున్యములు సరిగా నొకటి కానిచో దశాభేదమే నిలువదు. అపుడు ఏంటెనాకు చేరు సామర్థ్యము సున్నకును 2 వాట్లకును నడుమ నూగిసలాడుచుండును. శ్రుతి కలియని తంబురా తీగలలో వినవచ్చు విస్పందనము లీ జాతివే.

డోలకమునకు దాని పౌనఃపున్యమునకు చేరువలోనున్న బాహ్యసంకేతమును కొద్దిగా నందించినచో, అది తన నడకను విడిచి యా సంకేతము ననుసరించును. రాబర్ట్ ఆడ్లరు 1946లో దీనిని గణితబద్ధముగా వివరించెను. అనుసరణకు వీలైన పౌనఃపున్య పరిధి, సంకేత సామర్థ్యమునకు డోలక సామర్థ్యముతోగల నిష్పత్తియొక్క వర్గమూలము ననుసరించి మారును. సంకేతమును నూరవ వంతునకు తగ్గించినను పరిధి పదవ వంతునకే తగ్గును. స్థిరత్వమునకై నాణ్యతా గుణకమును పెంచినచో పరిధి కుంచించుకొనిపోవును. ఒంటరి డోలకమునకు గుణమైనది కూర్పునకు ప్రతిబంధకమగుచున్నది.

ఒకే పౌనఃపున్యమునకు వచ్చినంతమాత్రమున కార్యము సిద్ధింపదు. 1665లో హైగెన్స్ ఒకే దూలమునకు వ్రేలాడదీసిన రెండు లోలకపు గడియారములు కాలము కలిసి నడచుటను గమనించెను. కాని వాని లోలకములు ఎదురెదురుగా నూగుచుండెను. డోలకము లట్లు కుదిరినచో ఏంటెనాకు వచ్చునది శూన్యమే. పెక్కు డయోడ్లు ఒకే అనునాద కుహరమున నున్నపు డిట్టి యనభిమత విధములు మరింత పెరుగును.

బెల్ ప్రయోగశాలలో కురొకావా, మగల్యాయిస్ అనువారు 1971లో దీనికి చక్కని పరిష్కారమును చూపిరి. 12 ఇంపాట్ డయోడ్లను కుహరపు ప్రక్కగోడల వెంబడి ఏకాక్షమార్గములందు నిలిపి, ప్రతి మార్గపు రెండవ కొనను శోషకముతో మూసిరి. కోరిన విధమున సామర్థ్యము ప్రధానముగా కుహరమునకు పోవును. అన్య విధములందు డయోడునకు కుహరముకంటె శోషకమే యెదురగుటచే డోలనము పుట్టదు. ఆ యమరిక 10 వాట్లకు మించి యిచ్చెను. వ్యర్థముగా తోచు నిరోధమే యిచట కూర్పును కాపాడుచున్నది.

మొదట చెప్పిన నాలుగు ముఖముల సంయోజకమున మాత్రము నిరోధము వేరొక విధముగా వర్తించును. అందు డోలకములలో నొకటి చెడినచో ఏంటెనాకు ఒక వాటు మిగులునని విద్యార్థు లూహింతురు. నిజమునకు మిగులునది అర వాటే. నిలిచిన డోలకపు సామర్థ్యమున సగము నిరోధము పాలగును.