పాత ఫిల్ములకు ఏ స్కానర్ తగినది?

మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో పాత నెగటివ్‌లు, స్లైడ్లు ఉన్న కవరు ఒకటి ఉండవచ్చు. ఆల్బంలో అంటించిన ఫోటో ఒక నకలు మాత్రమే. కెమెరాలో కాంతి పడి బొమ్మ ఏర్పడిన అసలు ప్రతి ఆ ఫిల్మే. ఐతే అది శాశ్వతం కాదు. వేడికి రంగు ఫిల్ములోని రంజకాలు వెలిసిపోతాయి. వానాకాలపు తేమకు ఫిల్ము మీది జెలటిన్ పొరపై బూజు పడుతుంది. సెల్యులోజ్ అసిటేట్‌తో తయారైన ఫిల్ము క్రమంగా విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లమే విచ్ఛిన్నతను మరింత వేగవంతం చేస్తుంది. కవరు తెరవగానే వెనిగర్ వంటి పుల్లని వాసన వస్తే ఈ చర్య మొదలైందని అర్థం. కనుక బొమ్మ చెడిపోకముందే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి.

అందుకు ఏ స్కానర్ కొనాలి? డబ్బా మీద పెద్ద అంకె వేసిందే మేలైనదని చాలామంది అనుకుంటారు. కాని ముందుగా పరిశీలించవలసింది మీ దగ్గరున్న ఫిల్మును. దాని పరిమాణం ఎంత, అది ఎంత నల్లగా ఉంది, దానిలో బొమ్మ దేనితో ఏర్పడింది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే స్కానర్ ఎంపిక సులువవుతుంది.

స్కానర్ చేసే పని

1957లో అమెరికాకు చెందిన రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి పంపారు. ఆ బొమ్మలో నిలువుగా 176, అడ్డంగా 176 చుక్కలు మాత్రమే ఉన్నాయి. నేటికీ సూత్రం అదే. బొమ్మను సూక్ష్మమైన గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడి నుంచి వచ్చే కాంతిని కొలిచి, ఆ కొలతను అంకెగా నమోదు చేయడమే స్కానింగ్. చాలా స్కానర్లలో కాంతిని కొలిచేది సి.సి.డి. అనే సిలికాన్ సాధనం. 1969లో దీన్ని రూపొందించిన విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

కాగితం మీది ఫోటోను స్కాన్ చేసేటప్పుడు కాంతి దానిపై పడి వెనక్కి వస్తుంది. ఫిల్ము విషయంలో కాంతి దాని గుండా అవతలికి ప్రసరించాలి. అందువల్ల మూతలో దీపం లేని మామూలు స్కానర్ ఫిల్ముకు పనికిరాదు.

ఫిల్ము పరిమాణం ఎంత?

35 మి.మీ. ఫిల్ము మీద ఒక్కొక్క బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. దాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే వచ్చేవి సుమారు 1 లక్షా 20 వేల చుక్కలే. అంగుళానికి 4000 చొప్పున చేస్తే 2 కోట్ల 14 లక్షల చుక్కలు వస్తాయి. 25.4 మి.మీ. ఒక అంగుళమని గుర్తుంచుకుని ఈ లెక్కను మీరే కట్టి చూడవచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. డబ్బా మీద 6400 అని ఉన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ అన్ని చుక్కలూ ఇస్తుంది. కాని దాని కటకం అంత సన్నని వివరాలను విడదీసి చూపలేదు. మంచి రకాలలో కూడా నిజమైన సామర్థ్యం 2000కు కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. మిగిలిన చుక్కలు ఫైలు బరువును పెంచుతాయే గాని బొమ్మకు కొత్త వివరాలేవీ చేర్చవు. సన్నని గీతలున్న పరీక్షా పట్టికను స్కాన్ చేసి, ఏ గీతల వరకు విడివిడిగా కనిపిస్తాయో చూసి ఈ నిజమైన సామర్థ్యాన్ని కొలుస్తారు. కొనేముందు అటువంటి పరీక్షల ఫలితాలు చూడండి.

2000 చుక్కలతో 35 మి.మీ. బొమ్మకు దాదాపు 53 లక్షల చుక్కలే దక్కుతాయి. కాని మన దేశంలో ఎంతో ప్రచారం పొందిన అగ్ఫా క్లిక్-3 వంటి కెమెరాలలో వాడింది 120 ఫిల్ము. దాని మీద బొమ్మ 56 మి.మీ. చదరం. అదే స్కానర్ దీని నుంచి 1 కోటీ 94 లక్షల చుక్కలు రాబడుతుంది! పెద్ద ఫిల్ముకు ఫ్లాట్‌బెడ్ సరిపోతుందనీ, చిన్న ఫిల్ముకే నిశితమైన స్కానర్ అవసరమనీ దీన్ని బట్టి తెలుస్తోంది. పైగా 35 మి.మీ. కోసమే చేసిన ఫిల్ము స్కానర్లలో 120 ఫిల్ము పట్టదు.

ఎంత నల్లగా ఉంది?

ఫిల్ము నలుపును సాంద్రత అనే కొలతతో చెబుతారు. ఇది సంవర్గమానం మీద ఆధారపడిన కొలత. సాంద్రత 1 ఐతే పడిన కాంతిలో పదో వంతు, 2 ఐతే నూరో వంతు, 3 ఐతే వెయ్యో వంతు మాత్రమే బయటికి వస్తుంది. నెగటివ్‌లలో సాంద్రత సాధారణంగా 3 దాటదు. రంగు స్లైడ్లలోని చీకటి భాగాలలో 3.5 కూడా మించవచ్చు. అంత స్వల్పమైన కాంతిని కొలవలేని స్కానర్‌లో నీడలన్నీ కలిసి ఒకే నల్లమచ్చ అవుతాయి.

దీనికీ డబ్బా మీద ఒక అంకె ఉంటుంది. 16 బిట్లతో 65,536 స్థాయిలను రాయవచ్చు. ఆ సంఖ్యకు సంవర్గమానం 4.8. కొందరు తయారీదారులు ఈ లెక్కనే తమ స్కానర్ సాంద్రతా సామర్థ్యంగా ప్రకటిస్తారు. అది అంకెలు రాసే గడుల లెక్కే తప్ప, కాంతిని కొలిచిన ఫలితం కాదు.

బొమ్మ దేనితో ఏర్పడింది?

కొన్ని స్కానర్లలో దుమ్మును, గీతలను తొలగించే పరారుణ సాధనం ఉంటుంది. రంగు ఫిల్ములోని రంజకాల గుండా పరారుణ కిరణాలు సాఫీగా పోతాయి. నలుసులు, గీతలు వాటిని అడ్డుకుంటాయి. ఆ విధంగా లోపాలున్న చోట్లు గుర్తించి, పక్కనున్న రంగులతో వాటిని పూరిస్తారు.

నలుపు తెలుపు ఫిల్ములో సాధారణంగా బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. వెండి పరారుణాన్ని అడ్డుకుంటుంది గనుక స్కానర్ బొమ్మనే దుమ్ముగా పొరబడి పాడుచేస్తుంది. కొడాక్రోమ్ స్లైడ్లతోనూ ఈ ఇబ్బంది కొంత ఉంది. మీ దగ్గర ఉన్నవన్నీ నలుపు తెలుపు నెగటివ్‌లే ఐతే ఈ సదుపాయానికి అదనంగా ధర చెల్లించనవసరం లేదు.

ఇక ఎంపిక

నలుపు తెలుపు 120 నెగటివ్‌లకు మూతలో దీపమున్న ఫ్లాట్‌బెడ్ చాలు. 35 మి.మీ. రంగు నెగటివ్‌లకు, స్లైడ్లకు పరారుణ సాధనమున్న ప్రత్యేక ఫిల్ము స్కానర్ మేలు. మాక్రో కటకమున్న డిజిటల్ కెమెరా చేతిలో ఉంటే, ఫిల్మును అడుగు నుంచి తెల్లని కాంతితో వెలిగించి ఫోటో తీయడం కూడా మంచి పద్ధతే. పదో పాతికో బొమ్మలు మాత్రమే ఉంటే స్కానర్ కొనే బదులు స్కాన్ చేసే స్టూడియోకు ఇవ్వండి.

ఫిల్మును అంచులు పట్టుకునే తీయండి. దుమ్మును గాలి బుడ్డితో ఊదండి. బూజు పట్టిన ఫిల్మును తడిగుడ్డతో తుడవకండి. బూజు వల్ల మెత్తబడిన జెలటిన్ నీటిలో కరిగి, బొమ్మ కూడా పోతుంది. స్కాన్ చేసిన ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. ఫిల్మును మాత్రం పారవేయకండి, రేపు ఇంతకంటే మంచి స్కానర్ రావచ్చు.

ఫైళ్లకు స్కానర్ వరుస అంకెలనే పేర్లుగా పెడుతుంది. బొమ్మలో ఉన్నదెవరో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో తీసిందో ఇంట్లోని పెద్దలను అడిగి రాసుకోండి. తాతయ్య పక్కన నిలబడిన మనిషి ఎవరో ఏ యంత్రమూ చెప్పలేదు. చెప్పగలవారు ఇంట్లో ఉండగానే ఆ పని పూర్తి చేయండి.