రకాలు ఎక్కువ, రెక్కలు తక్కువ
వైమానిక దళానికి పొదుపు పరీక్ష

పర్వత్ పాటియా (సూరత్): అరవై రెండేళ్ల పాటు భారత గగనతలాన్ని కాపాడిన మిగ్-21 యుద్ధ విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. 1963లో ఏ వైమానిక స్థావరంలో అవి సేవలో చేరాయో అక్కడే వాటికి వీడ్కోలు పలికారు. దీంతో వైమానిక దళం వద్ద మిగిలిన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు 29 మాత్రమే. ఉండవలసినవి 42. ఒక్కో స్క్వాడ్రన్‌లో 16 నుంచి 18 విమానాలుంటాయి కనుక లోటు దాదాపు రెండు వందల విమానాలకు పైమాటే. అయితే సంఖ్య ఇంతగా తగ్గినా రకాలు మాత్రం ఆ దామాషాలో తగ్గలేదు. సుఖోయ్-30, రఫేల్, మిరాజ్-2000, మిగ్-29, జాగ్వార్, తేజస్‌లు కలిసి నేటికీ ఆరు రకాలు. రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్‌ల సాంకేతిక విజ్ఞానంతో రూపొందినవి కొన్ని, స్వదేశంలో తయారైనది ఒకటి. తక్కువ విమానాలను ఎక్కువ రకాలుగా పోషించడమే ఖజానాకు అసలు భారమని, కొత్తవి కొనడానికి ముందే ఈ చిక్కుముడిని విప్పాలని రక్షణ వ్యవహారాల పరిశీలకులు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు.

సాంచాల లెక్కే విమానాల లెక్క

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి సైనిక శాస్త్రం చదవనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి సూరత్‌లోని లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాల్లో స్థిరపడిన నేత కుటుంబాల వారికి ఇది అనుభవైకవేద్యమే. ఒకే రకం సాంచాలు ఇరవై నాలుగు ఉన్న కార్ఖానాకు ఒకే మెకానిక్ చాలు. విడిభాగాలు ఒకే అలమరాలో సరిపోతాయి. ఒక సాంచా పాడైతే దాని భాగాన్ని తీసి మరొక దానికి అమర్చి పని నడిపించవచ్చు. అదే కార్ఖానాలో పాత షటిల్ సాంచాలు కొన్ని, రేపియర్లు కొన్ని, వాటర్‌జెట్‌లు కొన్ని ఉంటే దేని విడిభాగం దానిదే, దేని మెకానిక్ దానికే. నేసే బట్ట పెరగకుండానే ఖర్చు పెరుగుతుంది.

యుద్ధ విమానాల విషయంలో ఈ లెక్క వందల రెట్లు పెద్దది. ఒక రకం విమానాన్ని సేవలో ఉంచాలంటే దానికి ప్రత్యేకంగా పరీక్షా పరికరాలు, సిమ్యులేటర్లు, ఇంజన్ మరమ్మతు కేంద్రం, తర్ఫీదు పొందిన సాంకేతిక సిబ్బంది, అందుకు తగిన ఆయుధాలు, ఏళ్లకు సరిపడా విడిభాగాల నిల్వలు ఉండాలి. ఈ స్థిర వ్యయం విమానాలు 40 ఉన్నా 200 ఉన్నా పెద్దగా మారదు. అందువల్ల సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో విమానంపై పడే భారం పెరుగుతుంది. కొనుగోలు ధర ఒక్కసారి చెల్లించేది కాగా, పోషణ వ్యయం ముప్పై, నలభై ఏళ్లపాటు ఏటా చెల్లించవలసినదన్న సంగతి ఇక్కడ గమనార్హం.

ఇన్ని రకాలు ఎలా వచ్చాయి?

ఈ వైవిధ్యం ఒక ప్రణాళిక ప్రకారం ఏర్పడింది కాదు. ఏ దేశం ఎప్పుడు ఏ షరతులపై ఇవ్వడానికి ముందుకు వస్తే దాన్ని తీసుకోవలసి వచ్చిన పరిస్థితుల ఫలితమది. 1979లో జాగ్వార్, 1985లో మిరాజ్-2000, 1987లో మిగ్-29 వచ్చి చేరాయి. 1990 దశకం ఆరంభంలో మిగ్-21, 23, 25, 27, 29 అన్నీ ఏకకాలంలో సేవలో ఉండగా, అంతకు ముందుతరానికి చెందిన హంటర్, కాన్‌బెర్రా విమానాలు కూడా కొనసాగుతుండేవి.

ఆ తరువాత కాలమే కొంత కత్తిరింపు చేసింది. హంటర్లు 2001లో, మిగ్-25లు 2006లో, కాన్‌బెర్రాలు 2007లో, మిగ్-23లు 2009 నాటికి, మిగ్-27లు 2019 డిసెంబరులో నిష్క్రమించాయి. అయితే ఇది పొదుపు కోసం చేసిన కుదింపు కాదు, వయోభారం వల్ల తప్పనిసరి అయిన విరమణ. ఖాళీ అయిన స్థానాలను సకాలంలో భర్తీ చేయకపోవడంతో మిగ్-21లను వాటి ఆయుర్దాయానికి మించి నడపవలసి వచ్చింది. దాని మూల్యం డబ్బులో మాత్రమే చెల్లించలేదు. 1971-72 నుంచి 2012 ఏప్రిల్ వరకు 872 మిగ్ విమానాలకు గాను 482 ప్రమాదాల పాలయ్యాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించారని నాటి రక్షణమంత్రి ఎ.కె.ఆంటోనీ 2012లో పార్లమెంటుకు తెలిపారు.

భర్తీ ఆలస్యానికి కారణాలు కూడా విదితమే. 126 మధ్యతరహా యుద్ధ విమానాల కోసం 2007లో టెండర్లు పిలిచారు. 2012లో రఫేల్‌ను ఎంపిక చేశారు. ధర, తయారీ బాధ్యతలపై చర్చలు తెగక 2015లో ఆ ప్రక్రియనే రద్దు చేసి, 2016లో 36 రఫేల్‌ల కొనుగోలుకు దాదాపు 59 వేల కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. 126 స్థానంలో 36 రావడమంటే లోటు మిగిలిపోవడమే కాదు, రకాల పట్టికలో మరొక చిన్న పద్దు చేరడం కూడా. అంబాలా, హసిమారా స్థావరాల్లో ఈ విమానాల కోసం నిర్మించిన సదుపాయాల ఖర్చంతా ఆ 36 విమానాల మీదే పడింది. ఆ తరువాత 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం సుమారు 63 వేల కోట్ల రూపాయలతో 26 రఫేల్‌లకు ఒప్పందం కుదిరినప్పుడు, రెండు దళాలకు ఒకే రకం ఉంటే శిక్షణలోనూ, విడిభాగాలలోనూ కలిసివస్తుందన్న వాదన బలంగా వినిపించింది.

విడిభాగాల వేట

పాతబడిన చిన్న దండును పోషించడం ఎంత కష్టమో జాగ్వార్ కథ చెబుతుంది. దాన్ని రూపొందించిన ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో ఆ విమానాన్ని విరమింపజేశాయి. ఒమన్ 2014లో అదే పని చేసింది. నేడు ప్రపంచంలో జాగ్వార్‌ను నడుపుతున్న దేశం భారత్ ఒక్కటే. తయారీ ఎప్పుడో ఆగిపోయిన విమానానికి కొత్త విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇతరులు పక్కనపెట్టిన విమానాలను తెచ్చి, భాగాలు విప్పి వాడుకోవడం ఒక్కటే మార్గమైంది. ఫ్రాన్స్ నుంచీ, ఒమన్ నుంచీ ఈ విధంగా సేకరణ జరిగింది. మిరాజ్-2000ల కోసం కూడా ఫ్రాన్స్ వాడి వదిలేసిన విమానాలను కొనుగోలు చేశారు. 2025లో మార్చి, ఏప్రిల్, జూలై నెలల్లో మూడు జాగ్వార్లు కూలిపోయాయి. వాటిలో ఏప్రిల్ 2 నాటి ప్రమాదం ఇదే గుజరాత్‌లోని జామ్‌నగర్ సమీపంలో సంభవించి ఒక యువ పైలట్‌ను బలిగొన్నది.

రవాణా విమానాల పరిస్థితీ ఇంతే. వైమానిక దళానికి వెన్నెముక వంటి ఏఎన్-32లు సోవియట్ యూనియన్ నాటివి, రూపకల్పన ఉక్రెయిన్‌ది. 105 విమానాల ఆధునికీకరణకు 2009లో ఉక్రెయిన్‌తో 40 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 40 విమానాలను అక్కడ, మిగిలిన 65ను కాన్పూర్ మరమ్మతు కేంద్రంలో బాగుచేయాలన్నది ఏర్పాటు. 2014లో రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య వైరం మొదలుకావడంతో విడిభాగాల సరఫరా దెబ్బతిని, కాన్పూర్ పనులు కుంటుపడ్డాయి. ఎక్కడో జరిగే యుద్ధం ఇక్కడి విమానాన్ని నేలకు కట్టివేయగలదన్న పాఠం ఇందులో ఉంది.

తెలుగువారికి ఏఎన్-32 అనగానే మరొక విషాదం గుర్తుకు వస్తుంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన విమానం 29 మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగార సిబ్బంది. ఏడున్నరేళ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో సముద్రగర్భాన దాని శకలాలను గుర్తించారు.

దుండిగల్ నేర్పిన పాఠం

రకాలు తగ్గించడమే సర్వరోగ నివారిణి అనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్ శివారులోని దుండిగల్ వైమానిక దళ అకాడమీ అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ ప్రాథమిక శిక్షణకు హెచ్‌పీటీ-32 అనే ఒకే రకం విమానాన్ని వాడేవారు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు మరణించాక, వందకు పైగా ఉన్న ఆ విమానాలన్నింటినీ ఒక్కసారిగా నిలిపివేశారు. ప్రాథమిక శిక్షణ భారమంతా 1960 దశకం నాటి కిరణ్ జెట్‌లపై పడింది. 2012లో స్విట్జర్లాండ్ నుంచి 75 పిలాటస్ విమానాలకు ఒప్పందం చేసుకుని, 2013లో అవి సేవలో చేరాకగానీ పరిస్థితి కుదుటపడలేదు. ఇప్పుడు 2023 మార్చిలో 6,800 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు 70 హెచ్‌టీటీ-40 విమానాల ఆర్డరు ఇచ్చారు. అంటే ప్రాథమిక శిక్షణకు రెండు రకాలు. పొదుపు దృష్టితో చూస్తే ఇది అదనపు ఖర్చు. స్వదేశీ పరిశ్రమ దృష్టితో, ఒకటి ఆగినా శిక్షణ ఆగకూడదన్న ముందుచూపుతో చూస్తే ఇది బీమా.

గుజరాత్‌లోనే మరొక ఉదాహరణ ఉంది. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్టుగార్డుకు చెందిన ధ్రువ్ హెలికాప్టర్ కూలడంతో, అన్ని దళాల వద్ద ఉన్న దాదాపు 330 ధ్రువ్‌లను నిలిపివేశారు. కొండప్రాంతాల్లోని సైనిక శిబిరాలకు సరకులు, రోగుల తరలింపు నెలల తరబడి ఇబ్బందుల్లో పడింది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పరదేశాల అనుభవం

సంపన్న దేశాలకూ ఈ తలనొప్పి తప్పలేదు. అమెరికా వైమానిక దళం తన వద్దనున్న ఏడు రకాల యుద్ధ విమానాలను నాలుగుకు కుదించి, మరొక దాన్ని కొంతకాలం మాత్రం కొనసాగించాలని 2021లో ప్రతిపాదించింది. సొంత నియోజకవర్గాల్లో స్థావరాలున్న చట్టసభ సభ్యులు పాత ఏ-10 విమానాల విరమణకు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. 2010లో బ్రిటన్ ఖర్చు తగ్గింపు పేరిట హారియర్ యుద్ధ విమానాలను పూర్తిగా తొలగించి, 300 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించిన నిమ్రాడ్ సముద్ర గస్తీ విమానాల పథకాన్ని అవి సేవలో చేరకముందే రద్దు చేసింది. ఆ హారియర్లను విడిభాగాల కోసం అమెరికా కొనుక్కున్నది. ఐదేళ్లు తిరగకముందే గస్తీ విమానాల కొరత బ్రిటన్‌కు తెలిసివచ్చింది. 2015లో తొమ్మిది పీ-8 విమానాలు కొనాలని నిర్ణయించి, 2020లో తొలి విమానాన్ని తన గడ్డకు తెచ్చుకుంది. మధ్యలో గడచిన దశాబ్దకాలం మిత్రదేశాల సాయంపై ఆధారపడింది. కత్తిరింపు సులభమే గాని, కోల్పోయిన సామర్థ్యాన్ని తిరిగి కూర్చుకోవడం సులభం కాదు.

వడోదర, హైదరాబాద్‌ల వంతు

సక్రమమైన కుదింపునకు మార్గం కొత్త తయారీతో ముడిపడి ఉంది. సూరత్‌కు రైలుమార్గాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని వడోదరలో అందుకు ఒక నమూనా కనిపిస్తుంది. పాత ఆవ్రో రవాణా విమానాల స్థానంలో 56 సి-295 విమానాల కోసం 2021 సెప్టెంబరులో సుమారు 21,935 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. వీటిలో 16 స్పెయిన్ నుంచి నేరుగా, 40 వడోదరలోని టాటా కర్మాగారం నుంచి రావాలి. ఆ కర్మాగారాన్ని 2024 అక్టోబరు 28న భారత్, స్పెయిన్ ప్రధానులు ప్రారంభించారు. ఇక్కడ బిగించే ప్రధాన భాగాల తయారీ హైదరాబాద్‌లో జరుగుతుండటం తెలుగువారికి సంతోషకరం. తేజస్ విమానపు మధ్యభాగాన్ని హైదరాబాద్‌కు చెందిన వెమ్ టెక్నాలజీస్ 2025లో అందజేసింది. రఫేల్ ప్రధాన దేహభాగాలను కూడా హైదరాబాద్‌లో తయారు చేయడానికి అదే ఏడాది జూన్‌లో దసో, టాటా సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి.

తేజస్ ఆర్డర్లు ఆశలు కల్పించేవే. 2021లో 83, 2025 సెప్టెంబరు 25న 62,370 కోట్ల రూపాయలతో మరో 97 మార్క్-1ఏ విమానాలకు ఒప్పందాలు కుదిరాయి. ఇవి సక్రమంగా అందితే ఒకే రకం విమానాలు పెద్దసంఖ్యలో సమకూరి స్థిర వ్యయం విస్తరిస్తుంది. అయితే 2021లో ఆర్డరు చేసిన అమెరికన్ ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గాని రాలేదు. దీనికి భిన్నంగా సుఖోయ్-30ల కోసం 2024 సెప్టెంబరులో సుమారు 26 వేల కోట్ల రూపాయలతో ఆర్డరు చేసిన 240 ఇంజన్లు మన పొరుగున ఒడిశాలోని కోరాపుట్‌లోనే తయారు కావలసి ఉంది. ఇంజన్ ఎవరి చేతిలో ఉంటే విమానం వారి చేతిలో ఉన్నట్లే.

నిర్ణయం ఎటు?

2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. ఇందులో పింఛన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు పోగా, మూడు దళాలకూ ఆయుధాలు, నౌకలు, విమానాలు వంటి కొత్త సేకరణకు మిగిలేది సుమారు 1.49 లక్షల కోట్లు. ఈ పరిమితిలో కొత్తదానికి వెచ్చించే ప్రతి రూపాయీ పాతదాని పోషణతో పోటీ పడవలసిందే. అందువల్ల ఇకపై ఏ విమానం కొనాలన్నా ధర ఎంత అన్న ప్రశ్నతో పాటు, ఇది ఏ రెండు రకాలను తప్పిస్తుంది, దీని విడిభాగాలు ఎక్కడ తయారవుతాయి, నలభై ఏళ్లకు అయ్యే మొత్తం వ్యయమెంత అన్న ప్రశ్నలు కూడా వేయడం అవసరం. జాగ్వార్, మిరాజ్, మిగ్-29ల విరమణ తేదీలను వాటి స్థానంలో వచ్చే విమానాల రాకతో ముందుగానే జత చేయాలి. కొత్తవి రాకముందే పాతవి తొలగిస్తే సరిహద్దు బోసిపోతుంది. కొత్తవి వచ్చినా పాతవి వదలకపోతే ఖజానా బోసిపోతుంది. మిగ్-21 విషయంలో దశాబ్దాల తరబడి వాయిదా వేసిన ఈ లెక్కను మరొకసారి వాయిదా వేస్తే, ఆ భారాన్ని మోయవలసింది పాత విమానాలలో కూర్చునే యువ పైలట్లే.