చెప్పిన వసతి లేదా.. అద్దెలో కొంత వాపసు అడగవచ్చు
* విడిదిలో లోపాలపై వినియోగదారులకు చట్టం అండ
* అప్పటికప్పుడు రాతపూర్వకంగా తెలియజేయడమే కీలకం

అరకులోయ: చలికాలం వచ్చిందంటే మన్యం సందర్శకులతో కిటకిటలాడుతుంది. కిరండూల్‌ రైలులో సొరంగాలు దాటుకుంటూ వచ్చేవారు కొందరైతే, అనంతగిరి ఘాట్‌రోడ్డు మీదుగా కార్లలో చేరుకునేవారు మరికొందరు. హోటళ్లలో గదులు దొరక్క చాలామంది ఇళ్లను, కాటేజీలను ముందుగానే ఫోనులో అద్దెకు మాట్లాడుకుంటున్నారు. ప్రకటనలో గీజరు, ఇన్వర్టరు, వంటగది అన్నీ ఉంటాయి. తీరా వచ్చాక గీజరు పనిచేయదు. చంటిబిడ్డలు, వృద్ధులు ఉన్న కుటుంబానికి మన్యం చలిలో వేడినీళ్లు లేకపోవడం చిన్న ఇబ్బంది కాదు. అయినా రెండు రోజుల ముచ్చటే కదా అని కొందరు సర్దుకుపోతారు. మరికొందరు అక్కడ పల్లెత్తు మాట అనకుండా, ఇంటికి చేరాక అద్దె మొత్తం వెనక్కి ఇవ్వాలని పట్టుబడతారు. ఈ రెండు పద్ధతులతోనూ నష్టపోయేది వినియోగదారుడే.

చట్టం ఏం చెబుతోంది?

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, సొమ్ము తీసుకొని బస కల్పించడం కూడా సేవే. ఒప్పుకొన్న నాణ్యతలో లోటు ఉంటే అది సేవాలోపం అవుతుంది. లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువేదీ లేకుంటే 30 రోజుల్లోగా వాపసు చేయడానికి నిరాకరిస్తే దానిని అనుచిత వ్యాపార విధానంగానూ చట్టం పరిగణిస్తుంది. 'చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు' అని రశీదుపై అచ్చువేసినంత మాత్రాన సేవాలోపంపై ప్రశ్నించే హక్కు పోదు.

తాళం చేతికి రాగానే..

ఇంట్లోకి అడుగుపెట్టగానే సామాను విప్పకముందే గీజరు, దీపాలు, కుళాయిలు, గ్యాస్‌ పొయ్యి ఒకసారి చూసుకోవాలి. లోపం కనిపిస్తే వెంటనే ఫొటో, వీడియో తీసి యజమానికి సందేశం పంపాలి. ఫోనులో మాట్లాడినా, ఆ మాటల సారాంశాన్ని మళ్లీ సందేశంగా పంపడం మంచిది. నోటిమాటకు తర్వాత సాక్ష్యం దొరకదు. ప్రకటనలోని వసతుల జాబితా, అద్దె చెల్లించిన రశీదు భద్రపరచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపం సరిచేసేందుకు యజమానికి అవకాశం ఇవ్వడం. సాయంత్రం చెబితే మర్నాడు ఉదయానికి మెకానిక్కును పంపవచ్చు, లేదా వేరే గది చూపవచ్చు. ఖాళీ చేసి వెళ్లాక చెబితే, 'అప్పుడే చెప్పి ఉంటే బాగుచేయించేవాళ్లం కదా' అనే జవాబు యజమానికి సిద్ధంగా ఉంటుంది.

ఎంత అడగాలి?

రెండు రాత్రులు అక్కడే నిద్రించి, మొత్తం అద్దె వెనక్కి ఇమ్మంటే న్యాయం అనిపించుకోదు. లోపమున్న వసతి విలువ ఎంత, అది ఎన్నాళ్లు అందలేదన్నదే లెక్క. ఉదాహరణకు, గీజరు ఉన్న గది రోజు అద్దె రూ.3,500, అదే చోట గీజరు లేని గది అద్దె రూ.2,800 అనుకుందాం. తేడా రూ.700. రెండు రోజులూ వేడినీళ్లు రాకుంటే రూ.1,400 అడగవచ్చు. బకెట్ల లెక్కన వేడినీళ్లు కొనుక్కునేందుకు రూ.200 ఖర్చయితే దానిని కూడా కలిపి రూ.1,600 కోరవచ్చు. మొదటి రాత్రి గడిచాక గీజరు బాగుచేయిస్తే ఒక్కరోజు తేడా, ఆ రోజు ఖర్చు మాత్రమే అడగాలి. మొత్తం ఎంతో, ఎలా వచ్చిందో రాసి గడువు పెట్టి అడిగితే మాటకు బలం ఉంటుంది. 'ఎంతో కొంత ఇవ్వండి' అంటే బేరం మొదటికొస్తుంది.

యజమాని పక్షం కూడా చూడాలి

మండలమంతా కరెంటు పోతే ఆ తప్పు ఇంటి యజమానిది కాదు. అయితే ఇన్వర్టరు ఉందని ముందే చెప్పి ఉంటే, అది పనిచేసేలా చూసే బాధ్యత ఆయనదే. ప్రకటనలో లేని వసతి కోసం అద్దె తగ్గించమనడం కుదరదు. ఫోను సిగ్నలు అందకపోవడం, గదిలోకి పురుగులు రావడం వంటివి కొండప్రాంతంలో కొంతవరకు సహజమే. గిరిజన కుటుంబాలు తమ ఇళ్లలోనే నడిపే విడిదులూ ఉన్నాయి. అలాంటి చోట మర్యాదగా అడిగితే చాలా వివాదాలు గుమ్మం దాటకుండానే సమసిపోతాయి.

మాట వినకుంటే..

వెబ్‌సైటు ద్వారా బుక్‌ చేసుకున్నవారు ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఈ-కామర్స్‌ నిబంధనలు-2020 ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలరోజుల్లో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు తెలుగులోనూ ఫిర్యాదు చేయవచ్చు. అది న్యాయస్థానం కాదు, ఇరుపక్షాల మధ్య రాజీకి మార్గం మాత్రమే.

అప్పటికీ ఫలితం లేకుంటే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించాలి. ఇందుకోసం మళ్లీ అరకు రానక్కరలేదు. పాత చట్టంలో లేని వెసులుబాటు ఇది. గుంటూరు వాసి గుంటూరులోనే, వరంగల్‌ వాసి వరంగల్‌లోనే ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. పరీక్షలు అవసరం లేని కేసులను ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆలస్యం జరుగుతూనే ఉంది. అందుకే రూ.1,600 కోసం ఏళ్ల తరబడి తిరగడం కంటే, గది ఖాళీ చేసేలోగా లెక్క తేల్చుకోవడమే ఉభయులకూ మేలు. ఆ లెక్క తేలాలంటే లోపం కనిపించిన పూటే యజమానికి సందేశం వెళ్లాలి.