ఒక్కమారు చెప్పిన చాలును

కోటిపల్లి రేవున పంటు ఎక్కి, గౌతమిని దాటి ముక్తేశ్వరమున దిగి, అచ్చటినుండి అమలాపురమునకు బస్సు పట్టుట కె.గంగవరము మండలమువారికి క్రొత్త గాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి, జిల్లాకేంద్రము కాకినాడనుండి అమలాపురమునకు మారినది మొదలు కచేరిపనులకై ఆ రేవు దాటవలసిన అవసరము మఱింత పెరిగినది. పాసుపుస్తకమునకై నాలుగుమార్లు తిరిగిన పెద్దవారు విసుగుకొని ఊరుకొందురు. కాని దుర్మార్గుని హింసకు గురియైన పసిబిడ్డను ఠాణాకు, ఆసుపత్రికి, న్యాయస్థానమునకు త్రిప్పుచు, జరిగినదానిని అడుగువారందఱి యెదుటను చెప్పించుట ఆ పుండును మాననీయక రేపుటయే.

ఈ బాధను గుర్తించియే 1985లో అమెరికా దేశమున, అలబామా రాష్ట్రములోని హంట్స్‌విల్ పట్టణమందు, ప్రభుత్వ న్యాయవాదియగు బడ్ క్రేమర్ చొరవతో, పోలీసును, వైద్యుని, న్యాయవాదిని బిడ్డయొద్దకే రప్పించు కేంద్రము వెలసినది. తెలుగునేలపై హైదరాబాదు పోలీసులు 2016లో తెఱచిన భరోసా కేంద్రము స్త్రీలకును బాలలకును అట్టి ఆశ్రయము. వాంగ్మూలము, వైద్యపరీక్ష, న్యాయసహాయము, మనసు కుదుటపఱచు సలహా ఒక్క కప్పు క్రిందనే లభించును. 2018లో బాలలకు అనుకూలమైన న్యాయస్థానము గూడ అచ్చటనే ఏర్పడినది.

అచ్చటి పనిలో ముఖ్యమైనది వినుట. బొమ్మల నడుమ బిడ్డను కూర్చుండబెట్టి, మౌనము ఎంతసేపైనను తొందరపెట్టక, “నీ తప్పేమీ లేదమ్మా” అను మాట నమ్మకము కలుగువఱకు చెప్పగల ఓర్పు చదువువలన మాత్రమే వచ్చునది కాదు.

2012 నవంబరు 14న, బాలల దినోత్సవమునాడే, అమలులోనికి వచ్చిన, బాలలను లైంగిక నేరములనుండి కాపాడు పోక్సో చట్టము ఈ ఓర్పునే శాసనముగా వ్రాసినది. వాంగ్మూలము తీసికొను పోలీసు అధికారి యూనిఫారము ధరింపరాదు. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. ముద్దాయి బిడ్డ కంటబడరాదు. న్యాయస్థానమున వకీళ్లు నేరుగా ప్రశ్నింపక, ప్రశ్నలను న్యాయమూర్తికి అందింపవలెను; ఆ ప్రశ్నలను న్యాయమూర్తియే బిడ్డ నడుగును. మాటిమాటికి సాక్ష్యమునకు పిలువరాదనియు అందే యున్నది.

అయినను బిడ్డ అంతదూరము వచ్చుటయే కష్టము. 2007లో కేంద్రప్రభుత్వము 13 రాష్ట్రములలో 12,447 మంది బాలలను విచారించి వెలువరించిన నివేదికలో, నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగిక హింసకు గురియైనట్లు తెలిపిరి. మగపిల్లలలోను సగమునకు మించినవారు ఆ మాటయే చెప్పిరి. హింసించినవారిలో సుమారు సగముమంది బిడ్డ ఎఱిగినవారే, నమ్మినవారే! పరువు పోవునని ఇంటివారు నోరు నొక్కుట ఇందువలననే; ఆ పరువు ఎవరిదో, దానికి మూల్యము చెల్లించుచున్న దెవరో ఆలోచించినపుడు నాకు గుండె చెదరును. తెలిసియు తెలుపకుండుట పెద్దలకు నేరమని చట్టము చెప్పుచున్నది.

అట్లు తెలుపుటకు బాలల సహాయవాణియగు 1098 ఉన్నది. దానికి ఫోను చేయుటకు పైసా ఖర్చు లేదు, పగలు రాత్రి భేదము లేదు. మా మండలములోని ప్రతి బడిగోడమీదను ఈ నాలుగంకెలను, పెద్దల కంటికి గాక ఒకటవ తరగతి బిడ్డ కంటికి అందునంత ఎత్తున, వ్రాయింపవలెనని నా కోరిక.