ఉప్పెన తరువాత ఓటు

మందమర్రి బొగ్గుబావుల నడుమ తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు, కృష్ణాజిల్లా సముద్రతీరాన ఉన్న అవనిగడ్డ గొడవ ఎందుకంటారేమో! 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావుగారి నియోజకవర్గమది.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. వేలమంది పోయారు. బాధితుల పక్షాన నిలిచిన కృష్ణారావుగారిని ప్రజలు 1978లో మళ్లీ గెలిపించారు. 1983లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచినా, కాంగ్రెసు అభ్యర్థియైన ఆయనను వదులుకోలేదు.

అలాగని సీటు ఎవరికీ రాసివ్వలేదు. 1985 నుంచి వరుసగా మూడుసార్లు తెలుగుదేశం అభ్యర్థి సింహాద్రి సత్యనారాయణరావుగారే గెలిచారు. కృష్ణారావుగారి కుమారుడు బుద్ధప్రసాద్‌గారు 1999లో గెలిచి, 2019లో ఓడి, 2024లో మళ్లీ గెలిచారు.

ప్రమాదంనాడు బావి దగ్గరికి ఎవరొచ్చారో మా గని కార్మికులు మరచిపోరు. దివిసీమవారూ అంతే. కాని ఆ జ్ఞాపకం ఆస్తి కాదు, తండ్రి నుంచి కొడుక్కి ఊరకే సంక్రమించడానికి!