కార్డు కాలిపోలేదు

మొన్న పొద్దున్నే మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు.

"రాత్రి లినక్స్ అప్‌డేట్ చేసినా మామా. పొద్దున చూస్తే వైఫై గుర్తే కనపడలా. కార్డు కాలిపోయిండాదేమో" అన్నాడు దిగులుగా.

మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేయించాను. మొదట కనబడే గ్రబ్ పట్టికలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, నిన్నటి పాత కెర్నెల్‌ను ఎంచుకోమన్నాను. నిమిషం తిరక్కుండానే వైఫై వచ్చేసింది. కార్డుకు ఏమీ కాలేదు. కార్డుకూ కెర్నెల్‌కూ మధ్య మాట తెగింది, అంతే. ఆ మాట మోసేదాన్నే డ్రైవరు అంటాం.

మన తిరుపతి బస్టాండులో రోజూ చూసేదే ఇది. తమిళం తప్ప రాని యాత్రికుడు ఒకవైపు, తమిళం రాని ఆటో అతను ఇంకోవైపు. రెండు భాషలూ తెలిసిన పూలమ్మే అవ్వ నడుమ కల్పించుకుంటే బేరం తెగుతుంది. లినక్స్‌కు గుండెకాయ కెర్నెల్. వైఫై చిప్‌కు తెలిసింది అంకెల భాష: ఫలానా చోట ఫలానా అంకె రాస్తే ఛానల్ మారుతుంది, ఇంకో చోట రాస్తే సిగ్నల్ బయటికి పోతుంది. ఈ రెంటి నడుమ ఉండే ద్విభాషి డ్రైవరు.

ఈ ద్విభాషి పుట్టుక కష్టాల్లోనే జరిగింది. లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల హెల్సింకి విద్యార్థి 1991లో లినక్స్‌ను లోకానికి చూపాడు. వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వచ్చింది. చిప్‌లు చేసిన కంపెనీల్లో చాలామటుకు విండోస్‌కు డ్రైవర్లు ఇచ్చాయి కానీ, చిప్ లోపలి వివరాలు బయటపెట్టలేదు. దారిలేక కొందరు ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అనే ఉపాయంతో విండోస్ డ్రైవరునే లినక్స్‌లో నడిపారు.

బ్రాడ్‌కామ్ చిప్‌ల విషయంలో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. మొదటి జట్టు ఉన్న డ్రైవరును విప్పి, చిప్ ఎలా నడుస్తుందో మామూలు మాటల్లో రాసిపెట్టింది. రెండో జట్టు ఆ పాత కోడ్ ముఖం చూడకుండా, రాసిపెట్టిన వివరాలు మాత్రమే చదివి కొత్త డ్రైవరు రాసింది. కాపీ కొట్టారనే మాట రాకుండా అంత నిష్ఠ పాటించారు. 2006లో ఆ డ్రైవరు 2.6.17 కెర్నెల్‌లో చోటు సంపాదించింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీయే తన కొత్త చిప్‌లకు బహిరంగ డ్రైవరు ఇచ్చింది.

మరి అప్‌డేట్ చేస్తే ఎందుకు చెడుతుంది? కొత్త కెర్నెల్ 9, 10 వారాలకొకటి వస్తుంది. దాని లోపలి ఫంక్షన్లు అవసరాన్ని బట్టి మారిపోతుంటాయి. మార్చినవాళ్లే ఇంట్లో, అంటే కెర్నెల్ కోడ్‌లోనే ఉన్న డ్రైవర్లన్నిటినీ ఆ మార్పుకు తగ్గట్టు సరిదిద్దాలి, అది అక్కడి కట్టుబాటు. ఇంటి బయట ఉన్న డ్రైవరును పట్టించుకునే బాధ్యత వాళ్లది కాదు. పైగా ప్రతి డ్రైవరు ఫైలు లోపల అది ఏ కెర్నెల్ కోసం తయారైందో ఒక ముద్ర ఉంటుంది. ముద్ర కలవకపోతే మామూలుగా కెర్నెల్ దాన్ని ఎక్కించుకోదు.

మావాడి కార్డు డ్రైవరు అలాంటి బయటిదే. ఇలాంటివాటి కోసమే 2003లో డెల్ ఇంజనీర్లు డీకేఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. కొత్త కెర్నెల్ రాగానే అది డ్రైవరును మళ్లీ కంపైల్ చేస్తుంది. అయితే దానికి అడ్డంకులు మూడు. కొత్త కెర్నెల్ హెడర్ ఫైళ్లు లేకపోతే కంపైల్ కాదు. ఫంక్షన్ మారిపోయి ఉంటే పాత కోడ్ తప్పులు చూపి ఆగిపోతుంది. అన్నీ కుదిరినా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవరును కెర్నెల్ సాధారణంగా గడప తొక్కనివ్వదు.

మళ్లీ కొత్త కెర్నెల్‌లోకి వెళ్లాం. వైఫై లేదు కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చాం. డీకేఎంఎస్ స్థితి అడిగితే కొత్త కెర్నెల్ పేరే అందులో లేదు. హెడర్లు లేవన్నమాట. వాటిని ఎక్కించి, డ్రైవరును మళ్లీ కట్టమన్నాం. తెరమీద వరసలు జరజరా దొర్లాయి. రీస్టార్ట్ చేస్తే పైమూలలో వైఫై గుర్తు నిండుగా వెలిగింది.

"ఈ కోడ్ నేను చూడొచ్చా మామా?" అన్నాడు వాడు.

చూపించాను. ఫలానా వెర్షన్ దాటితే ఈ ఫంక్షన్, అంతకు ముందయితే ఆ ఫంక్షన్ అని అడుగడుగునా షరతులు. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని చేర్చిన వరసలవి. ల్యాప్‌టాప్ కొనేముందు అందులో ఏ వైఫై చిప్ ఉందో, దాని డ్రైవరు కెర్నెల్‌లోనే ఉందో లేదో అడిగి కొనమని మన పిల్లలకు చెబుతుంటాను. కొత్తది కుదురుకునేదాకా పాత కెర్నెల్‌ను తీసేయొద్దనీ చెబుతాను. ఆవేళ మావాడికి అవేవీ చెప్పలేదు. వాడు అప్పటికే ఒక్కో షరతునూ వేలు పెట్టి చదువుతున్నాడు.