క్యాన్సర్ వార్డులో కంప్యూటర్ తెర: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



క్యాన్సర్ వార్డులో నర్సుల బల్ల మీద ఉండే కంప్యూటర్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని తెర మీద మంచం నంబర్లు, పేర్లు, అక్కడక్కడ ఎరుపు, పసుపు గుర్తులు కనిపిస్తాయి. "సిస్టర్, మీరు ఎప్పుడూ కంప్యూటర్‌నే చూస్తుంటారు, మా మనిషిని చూసేదెప్పుడు?" అని కొందరు అడుగుతుంటారు. అలా అడగడంలో తప్పు లేదు. ఆ తెర దేనికోసం, దాని మీద ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు, అందులో మీ వంతు ఏమిటి అనే సంగతులు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక్క మాట. తెర తనంతట తాను ఏదీ తెలుసుకోలేదు. కొంత సమాచారం ల్యాబు నుంచి, కొంత డాక్టరు గారి రాత నుంచి వస్తుంది. మిగిలినది మీ నోటి నుంచే రావాలి.

డ్యాష్‌బోర్డు అనగా ఏమిటి?

మన కొత్తగూడ చుట్టుపక్కల ఈ మాట కొత్తది కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతమంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసులతో నిండిపోయింది. మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా అలాంటి కంపెనీలో పనిచేస్తుంటే వారిని అడగండి, చెబుతారు. తెలియని వారు కారును గుర్తు చేసుకోండి. డ్రైవరు ముందు ఒక పలక ఉంటుంది. పెట్రోలు ఎంత ఉంది, వేగం ఎంత, ఇంజను వేడెక్కిందా అనేవి అతను దారి మీద నుంచి చూపు ఎక్కువసేపు తిప్పకుండానే తెలుసుకుంటాడు. అలాగే వార్డులోని ప్రతి రోగి స్థితిని ఒక్క చూపులో తెలిపే తెరను డ్యాష్‌బోర్డు అంటారు.

అంకెలను కంటికి కనిపించేలా చూపడం మా వృత్తికి పాత అలవాటే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల పటాలు గీసి, క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే నివారించదగిన జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని పెద్దలకు చూపించారు.

క్యాన్సర్ వైద్యంలో ఇది ఎందుకు అంత అవసరం?

జ్వరానికైతే ఒక డాక్టరు, ఒక చీటీ సరిపోతాయి. క్యాన్సర్ వైద్యం అలా కాదు. ఆపరేషన్ చేసే డాక్టరు, కీమో ఇచ్చే డాక్టరు, రేడియేషన్ డాక్టరు, మందులు కలిపే ఫార్మసిస్టు, మూడు షిఫ్టుల నర్సులు, ఆహార సలహాదారు, ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర, ఇలా ఎంతోమంది చేతుల మీదుగా ఒక్క రోగి నడుస్తాడు. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియకపోతే ప్రమాదం.

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1994లో జరిగిన సంగతి ఇందుకు ఉదాహరణ. బెట్సీ లేమన్ అనే పత్రికా రచయిత్రి రొమ్ము క్యాన్సర్‌కు చాలా పేరున్న ఆసుపత్రిలో చేరారు. ఆమెకు నాలుగు రోజులలో కలిపి ఇవ్వవలసిన కీమో మందును నాలుగు రోజులూ రోజుకు అంత చొప్పున ఇచ్చేశారు. ఆ డోసు డాక్టర్లు, ఫార్మసిస్టులు, నర్సులు అందరి చేతులూ దాటింది. ఎవరూ ఆపలేదు. ఆమె 39 ఏళ్ల వయసులో చనిపోయారు. పొరపాటు బయటపడింది రెండు నెలల తర్వాత, రికార్డులు పరిశీలిస్తున్న ఒక గుమాస్తా కంటికి. ఆ తర్వాత ఆ ఆసుపత్రి కీమో డోసు హద్దు దాటితే కంప్యూటరే అడ్డుకునే ఏర్పాటు చేసుకుంది. రోగుల భద్రత కోసం ఆ రాష్ట్రం ఏర్పాటు చేసిన కేంద్రానికి ఆమె పేరే పెట్టారు.

ఆ గుమాస్తా చూసిన అంకెలు మొదటి రోజునే అందరి కళ్ల ముందు ఉండి ఉంటే ఆమె బ్రతికేవారేమో. మంచి తెర చేయవలసిన పని అదే.

తెర మీద తప్పనిసరిగా ఉండవలసినవి

1. సరైన మనిషి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని అన్నిటికంటే ముఖ్యం. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం మనకు మామూలే. ఆధార్‌లో ఒక పేరు, బాప్తిస్మం పేరు మరొకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. పుట్టిన తేదీ తెలియని పెద్దవారికి కార్డులో జనవరి 1 అని పడి ఉంటుంది. కాబట్టి పేరు, పుట్టిన తేదీ రెండూ కలిసిపోవచ్చు. అందుకే తెర మీద ఆసుపత్రి నంబరు కూడా ఉండాలి. మందు ఎక్కించే ముందు సిస్టర్ మళ్ళీ మళ్ళీ పేరు అడిగితే విసుక్కోకండి.

2. ఎత్తు, బరువు. ఎక్కువ కీమో మందుల డోసు ఈ రెండింటినీ బట్టే లెక్కకడతారు. జబ్బు వల్ల మనిషి చిక్కిపోతే డోసు మళ్ళీ లెక్కకట్టవలసి వస్తుంది. కావున నెల క్రితం బరువు పనికిరాదు. బరువు పక్కన అది చూసిన తేదీ కూడా ఉండాలి.

3. ఎన్నో సైకిల్, ఎన్నో రోజు. కీమో ఇచ్చాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజులలో వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. తెర మీద "10వ రోజు" అని కనిపిస్తే అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు కూడా జాగ్రత్తపడుతుంది.

4. రక్త పరీక్షలు. తెల్ల కణాలలో న్యూట్రోఫిల్స్ అనే రకం మైక్రోలీటరుకు 500 కంటే తగ్గితే ఇన్‌ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, కిడ్నీ, లివర్ పరీక్షలు కూడా ఉండాలి. ఈరోజు అంకె ఒక్కటే చాలదు. మొన్నటి కంటే పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది కూడా కనిపించాలి.

5. పడని మందులు, ఇంటి మందులు. రక్తం పలుచబడటానికి వాడే వార్ఫరిన్ మాత్ర, క్యాన్సర్‌కు వాడే కేపసైటబిన్ మాత్ర కలిస్తే రక్తస్రావం కావచ్చు. గుండె డాక్టరు రాసిన మాత్ర సంగతి మీరు చెప్పకపోతే మాకు తెలియదు. కషాయం, ఆకు పసరు, పొడి, ఏది ఇస్తున్నా చెప్పండి. చెప్పినందుకు ఎవరూ కోప్పడరు.

6. ఇంతకు ముందు జరిగిన వైద్యం. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ అనే మందు ఉంది. దానిని జీవితకాలంలో మొత్తం చదరపు మీటరు శరీర వైశాల్యానికి 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె బలహీనపడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఒక ఆసుపత్రిలో నాలుగు సైకిళ్లు, మరొక ఆసుపత్రిలో నాలుగు సైకిళ్లు తీసుకున్నా శరీరానికి అది ఒకే లెక్క.

7. నొప్పి. 0 నుంచి 10 వరకు ఎంత ఉందో రోగి చెప్పిన అంకె రాయాలి. చూసేవారి అంచనా రాయకూడదు.

8. ఎవరికి ఫోన్ చేయాలి. ఒకరోజు పెద్ద కొడుకు, మరొకరోజు మరదలు కాపలా ఉంటారు. రిపోర్టు వచ్చాక ఫోన్ చేస్తే "నాకు తెలియదండి" అంటారు. బాధ్యత తీసుకునే ఒక్కరి నంబరు, అది కలవకపోతే మరొక నంబరు ఉంటే చాలు.

9. రోగికి ఏమి తెలుసు. "అమ్మకు క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్" అని చాలామంది కోరతారు. ఒక నర్సుకు చెబితే మిగిలినవారికి తెలియదు. ఈ సంగతి సంకేతంగా తెర మీద ఉంటే ఎవరూ తొందరపడి మాట జారరు. అయితే తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ఆమె సూటిగా అడిగితే మేము అబద్ధం చెప్పలేము. ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలో డాక్టరు గారితో కూర్చొని ముందే నిర్ణయించుకోండి.

తెరను ఎలా తయారు చేయాలి?

ఈ ప్రాంతంలో ఇలాంటి తెరలు తయారు చేసే యువతీ యువకులు ఎందరో ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఈ భాగం వారికి చదివి వినిపించండి.

అన్నీ చూపించాలనే ఆశ వద్దు. ఎరుపు రంగు అంటే "ఇప్పుడే ఎవరైనా లేచి వెళ్ళాలి" అని అర్థం కావాలి. ప్రతి మంచం ఎర్రగా మెరిస్తే ఏ మంచమూ ఎర్రగా లేనట్లే. గంటలు ఎక్కువగా మోగితే చెవులు అలవాటుపడిపోతాయి, అసలైన గంట వినబడదు. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు కనుక రంగుతో పాటు అక్షరం కూడా ఉండాలి. ప్రతి అంకె పక్కన తేదీ, గంట, రాసినవారి పేరు ఉండాలి. కరెంటు పోయినా, నెట్ పోయినా పని ఆగకుండా షిఫ్టు మారే ముందు ఒక కాగితం ప్రతి తీసిపెట్టుకోవాలి. తయారు చేసేవారు ఒక్క రాత్రి డ్యూటీలోనైనా నర్సు పక్కన కూర్చొని చూడాలి. ఆఫీసులో చక్కగా కనిపించిన తెర, తెల్లవారుజామున మూడు గంటలకు నిద్రకళ్లకు అలాగే కనిపించదు.

ఉండకూడనివి కూడా ఉన్నాయి. వరండాలో నడిచేవారికి రోగి పేరు, జబ్బు కనిపించేలా తెర పెట్టకూడదు. క్యాన్సర్ ఉందని తెలిస్తే ఆడపిల్ల సంబంధం చెడుతుందని, ఇల్లు అద్దెకు ఇవ్వరని భయపడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి మన పార్లమెంటు 2023లో చట్టం కూడా చేసింది. దయచేసి మీరు కూడా ఆ తెరను సెల్‌ఫోన్‌లో ఫొటో తీయకండి. మీ మనిషి పక్కన మరొకరి పేరు కూడా ఉంటుంది.

మీ మాటకు ఉన్న బలం

మీరు చెప్పే మాట వైద్యానికి నిజంగా ఉపయోగపడుతుందా అని మీకు సందేహం రావచ్చు. అమెరికాలోని న్యూయార్క్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో 766 మంది రోగులతో ఒక పరిశోధన చేశారు. ఫలితం 2017లో వెలువడింది. వారంతా ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారే. కొందరికి మామూలుగా వైద్యం చేశారు. మరికొందరు తమ వాంతులు, నొప్పి, ఆయాసం, నీరసం వంటి బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో తెలిపారు. బాధ ఎక్కువైతే నర్సుకు వెంటనే కబురు అందేది. మామూలు వైద్యం పొందినవారి మధ్యస్థ జీవితకాలం 26 నెలలు కాగా, బాధలు తెలిపినవారిది 31.2 నెలలు. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. బాధ సమయానికి తెలిసింది, నర్సు సమయానికి స్పందించింది. అంతే.

మన ఇళ్లలో "కీమో కదా, ఇలాగే ఉంటుంది" అని రోగి, "డాక్టరును ఎందుకు విసిగించడం" అని కుటుంబం ఓర్చుకుంటారు. ఓర్పు మంచిదే. కాని ఈ విషయంలో మౌనం ప్రాణానికే ముప్పు తెస్తుంది.

ఆసుపత్రి మారినప్పుడు

మన నగరంలో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుంచి, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి క్యాన్సర్ రోగులకు సేవ చేస్తున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక దూర జిల్లాల నుంచి కూడా ఎందరో పేదలు కార్పొరేట్ ఆసుపత్రుల వైద్యం పొందగలిగారు. ఒకచోట ఆపరేషన్, ఇంకొకచోట రేడియేషన్ కావడం మామూలైంది. అయితే ఒక ఆసుపత్రి తెర మీది సమాచారం మరొక ఆసుపత్రి తెర మీద తనంతట కనిపించదు.

ఈ లోటు తీర్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో దేశమంతటా 300కు పైగా సంస్థలు ఉన్నాయి. క్యాన్సర్ రికార్డులు అన్నిచోట్ల ఒకే పద్ధతిలో ఉండేలా చూడటం కూడా దాని పనులలో ఒకటి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. మీ అనుమతితో మీ రికార్డులను ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చూపడానికి అది ఉపయోగపడుతుంది. అయినా మీ చేతిలోని ఫైలును మాత్రం పారవేయకండి.

మీరు చేయవలసినవి

* డిశ్చార్జి సమ్మరీలు, బయాప్సీ రిపోర్టు, కీమో చార్టులు తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. స్కాను ఫిల్ములు, సీడీలు జాగ్రత్తపరచండి.
* రోగి వాడే అన్ని మందుల అట్టలు ఒక సంచిలో వేసి ప్రతిసారీ తీసుకురండి.
* ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, జ్వరం, బరువు, వాంతులు, విరేచనాలు, నొప్పి అంకె రాయండి. రోజుకు రెండు లైన్లు చాలు.
* ఇంట్లో థర్మామీటరు ఉంచండి. 100.4 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం ఉంటే తెల్లవారే దాకా ఆగకండి. పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పిపుచ్చకండి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. కీమో ఎన్నో రోజో రాగానే చెప్పండి. తెల్ల కణాలు తగ్గి ఉంటే మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి.
* ఫోన్ నంబరు మారితే ఆ రోజే తెలియజేయండి.
* తెర మీద ఉన్నది, మీకు తెలిసినది వేరుగా ఉంటే మొహమాటపడకండి. "సిస్టర్, ఒకసారి చూడండి" అని అడగండి. మందు ఎక్కించకముందు అడిగిన ప్రశ్నతో ఎవరికీ నష్టం లేదు.

ఈసారి వార్డుకు వచ్చినప్పుడు ఆ తెర వైపు చూసి మీ మనిషి గురించి మీకు తెలిసినది అక్కడ చేరిందో లేదో సిస్టర్‌ను అడగండి. చేరకపోతే ఆ పూటే చెప్పి రాయించండి.